జంతుశాలలో పులిని ఫొటో తీయుట

ప్రతి సంవత్సరమును మన పాఠశాల బాలబాలికలను విహారయాత్రకు తోడ్కొనిపోవుట ఆచారము. ఈసారి బెంగుళూరికి దక్షిణమున 22 కిలోమీటర్ల దూరమున నున్న బన్నేరుఘట్ట జంతుశాలకు పోవలెనని నిర్ణయించినప్పుడు తలిదండ్రులలో కొందరు మమ్ము రెండు ప్రశ్న లడిగిరి. పిల్లల చేతికి కెమెరా గాని సెల్‌ఫోను గాని యిచ్చి పంపవచ్చునా యనునది మొదటిది. ఆవరణములోని పులిని ఫొటో తీసినందువలన పిల్లలకు అబ్బెడు విద్య యేమి యనునది రెండవది. మొదటిదానికి అప్పుడే బదులు చెప్పితిమి: నలుగురికి ఒక్కటి చొప్పున, ఒక ఉపాధ్యాయుని కనుచూపులో. రెండవది అంత తేలికగా బదులీయదగినది కాదు. యాత్ర ముగించి వచ్చిన పిదప మాకు తోచిన సమాధానమే యీ వ్యాసము.

తెల్లవారకముందే గుడిబండె విడిచి, పేరేసంద్ర వద్ద పెద్దరోడ్డు నెక్కి, చిక్కబళ్లాపురము మీదుగా పోయితిమి. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. మంగళవారము జంతుశాలకు సెలవు గనుక బుధవారము నెన్నుకొంటిమి. అంత పెందలకడ బయలుదేరనేల యని కొందరు తల్లులు చిత్రాన్నము కట్టియిచ్చుచు విసుగుకొనిరి. కారణ మిది. పులులు, సింహములు పగటియెండలో మిక్కిలిభాగము నిద్రించును. సింహము దినమునకు 16 మొదలు 20 గంటలవరకు విశ్రాంతిలోనే గడుపును. చల్లనివేళ లేచి తిరుగును. మధ్యాహ్నము చేరినవారికి కనబడునది నీడలో చాచుకొని పండుకొన్న వీపు మాత్రమే. ఇదిగాక, నడినెత్తిమీది యెండలో జంతువు కనుబొమల నీడ కన్నులపై బడి ఫొటోలో కన్నులు గుంటలవలె నగును. ఉదయపుటెండ ఏటవాలుగా బడి కన్నులకు కాంతి నిచ్చును.

ముందుగా పేర్లు

సింహము, పెద్దపులి, చిరుతపులి, అమెరికా ఖండమందలి జాగ్వారు, హిమాలయములలోని మంచుచిరుత - ఇవి యైదును పిల్లికుటుంబములో ఒక్క శాఖకు చెందినవి. వీనిలో మొదటి నాలుగును గర్జింపగలవు. చీతా వేరు శాఖది. అది గర్జింపలేదు, ఇంటిపిల్లివలె గురగుర మనును. మన భాషలో చిరుత, చీతా అను మాటలు దగ్గరగా వినబడుటచే పిల్లలేగాక పెద్దలును వీనిని ఒక్కటిగా తలతురు. ఫొటోలో వీనిని గుర్తించుట సులభము. చిరుత యొంటిమీది మచ్చలు గులాబిరేకులవలె గుంపుగూడి నడుమ ఖాళీ కలిగియుండును. చీతా మచ్చలు చుక్కపెట్టినట్లు నిండుగా నుండును. కంటికొననుండి నోటివరకు కన్నీటిచారవంటి నల్లగీత యుండును. చీతా మన దేశమున అంతరించినట్లు 1952లో ప్రకటింపబడెను. 2022 సెప్టెంబరు 17వ తేదీన నమీబియానుండి ఎనిమిది చీతాలను తెప్పించి మధ్యప్రదేశములోని కూనో అడవిలో విడిచిరి. చిరుత మాత్రము మన దేశము నెన్నడు విడువలేదు. 2022 నాటి అంచనాను బట్టి దేశమున 13,874 చిరుతలుండగా అందు 1,879 కర్ణాటకములోనివే. మనవంటి రాతిగుట్టల సీమ దానికి ఇష్టమైన చోటు.

జంతుశాలలో పలకలు కన్నడమునను ఆంగ్లమునను ఉన్నవి. మా చిన్నవా డొకడు ఒక పలక చదివి, "సార్, మా ఇంట్లో పులి అంటారు, ఇక్కడ హులి అని రాసినారు. ఇవి రెండు జంతువులా?" అని యడిగెను. తోటివారు నవ్విరి గాని ప్రశ్న నవ్వదగినది కాదు. హళగన్నడములో నదియు పులియే. కాలక్రమమున కన్నడములో మాటల మొదటి పకారము హకారముగా మారినది. అందుచేతనే మన పాలు వారికి హాలు, మన పంది హంది, మన పువ్వు హూవు. తెలుగు ఆ పకారమును నిలుపుకొన్నది. ఈ సంగతి చెప్పగానే ఆ బాలుడు తిరుగు ప్రయాణమంతయు బస్సులో అట్టి జంటలను వెదకుచునే యుండెను. ఇంట తెలుగును వీధిలో కన్నడమును మాటలాడు మన పిల్లలకు రెండు భాషలు రెండు బరువులు గావు. ఒకదానిని మరియొకటి విప్పి చూపును. పులి ఫొటో తీయబోయినవానికి ఇది అనుకోని లాభము.

జల్లెడ పాఠము

కంచె వెనుక నున్న జంతువును ఫొటో తీయువారికి మొదటి చిక్కు ఆ కంచెయే. తరచుగా పులికంటె తీగలే స్పష్టముగా పడును. ఇందలి మర్మమును యాత్రకు ముందే బడిలో ఒక జల్లెడతో నేర్పితిమి. జల్లెడను చేతిదూరమున పట్టుకొని దానిగుండ మన కొండమీది కోటను చూడుమంటిమి. తీగలు కోటను ముక్కలు ముక్కలు చేసెను. పిమ్మట జల్లెడను కంటికి ఆనునంత దగ్గరకు తెచ్చి, చూపును కోటమీదనే నిలుపుమంటిమి. తీగలు కరగిపోయి, కొంచెము మసకగా నైనను కోట నిండుగా కనబడెను.

కెమెరా లెన్సునకు జరుగునదియు నిదియే. లెన్సు ఒకప్పుడు ఒక దూరమందలి వస్తువునే స్ఫుటముగా చూపగలదు. దానికి ముందువెనుకల నున్నవి చెదరును. సన్నని తీగ లెన్సునకు మిక్కిలి చేరువగా నున్నచో, దాని బొమ్మ ఎంతో వెడల్పుగా పరచుకొని పలుచనై, తుదకు ఒక తెరవంటి మసకగా మాత్రమే మిగులును. కావున నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలెను. లెన్సు కంచెకు ఎంత దగ్గరనుండిన అంత మంచిది. జంతువు కంచెకు ఎంత దూరమున నుండిన అంత మంచిది. దూరమును దగ్గర చేసెడి పొడవైన లెన్సు మేలు. లెన్సులోని వెలుతురు ద్వారమును, అనగా ఎపర్చరును, వీలైనంత తెరచి యుంచవలెను.

ఈ ద్వారపు అంకెలు క్రొత్తవారిని తికమక పెట్టును: 4 అను అంకెకు ద్వారము పెద్దది, 16 అను అంకెకు చిన్నది. లెన్సు నాభిదూరములో ఎన్నవవంతు ద్వారపు వెడల్పో తెలుపునదే ఆ అంకె. నాలుగవ వంతు పదునారవ వంతుకంటె పెద్దది గదా! భిన్నములు చదువుకొన్న పిల్లలకు ఇంతకు మించి చెప్పనక్కరలేదు. ఇక నొక్క మాట. ఎండ నేరుగా బడిన తీగ వెండివలె మెరయును. ఆ మెరుపు ఎంత చెదరినను పోదు. కంచెలో నీడపడిన భాగము నెన్నుకొనవలెను.

అయితే లెన్సును కంచెకు చేర్చుమన్నాము గదా యని ముందున్న అడ్డుకమ్మిని దాటరాదు. ఆ కమ్మి మనకును మృగమునకును నడుమ విడువవలసిన ఎడమును కొలిచి నాటినది. కమ్మివద్ద నిలుచుండి కంచెను చేరలేనప్పుడు, జంతువు ఆవరణపు వెనుకవైపునకు నడచువరకు వేచియుండుటయే మార్గము. వాహనములో తిరుగునప్పుడు కిటికీ జాలి మన చేతికందు దూరముననే యుండును గనుక జల్లెడ పాఠము అక్కడ బాగుగా పనికివచ్చును. కాని కెమెరాయు, చేతివ్రేళ్లును జాలికి లోపలనే యుండవలెను. బస్సు కదలునపుడు తీసినది చెదరును. ఆగి, యింజను అదురు తగ్గిన పిదప తీయవలెను.

సెల్‌ఫోను గలవారికి మరియొక సంగతి. తెరమీద రెండు వ్రేళ్లతో లాగి బొమ్మను పెద్దది చేసినచో పులి దగ్గరకు రాదు. బొమ్మలో నడిమిభాగమును మాత్రమే కత్తిరించి సాగదీసినట్లగును; వివరము తరుగును. దూరము చూపు ప్రత్యేకపు లెన్సు ఆ ఫోనులో లేనిచో, పులిని చిన్నదిగానే పట్టి, అది పండుకొన్న రాయి, నీటితొట్టి, చెట్టునీడ మొదలగువానిని చేర్చి తీయుట మంచిది. పులి ఎట్టి చోట ఎట్లు బ్రదుకుచున్నదో అట్టి ఫొటో తెలుపును.

అద్దము, వెలుతురు, కన్ను

కొన్ని చోట్ల కంచెకు బదులు దళసరి అద్ద ముండును. అద్దములో పులికి బదులు మన ముఖమే పడును. నల్లని గుడ్డను లెన్సుచుట్టు గొడుగువలె పట్టి, లెన్సును అద్దమునకు ఆనించినచో వెనుకనుండి వచ్చు వెలుతురు అణగును. తెల్లచొక్కా తొడిగినవాని నీడ అద్దములో ఎక్కువ మెరయును గనుక ముదురు రంగు వస్త్రము మేలు. అద్దమును వ్రేళ్లతో కొట్టుట మాత్రము ఎన్నడును కూడదు.

నిలిచిన జంతువునకు సెకనులో 250వ వంతు వేగమును, నడచు జంతువునకు 500వ వంతు వేగమును చాలును. దృష్టిని మనవైపున నున్న కంటిమీదనే నిలుపవలెను. మీసము చెదరినను, తోక చెదరినను చూపరి క్షమించును. కన్ను చెదరిన ఫొటో జీవము లేనిదగును. పులి కంటిపాప ఇంటిపిల్లి పాపవలె నిలువుచీలికగా నుండదు, మన పాపవలె గుండ్రముగా నుండును. మోకాళ్లమీద కూర్చుండి దాని కంటి యెత్తున తీసినచో ఆ పోలిక తెలియును. ఎత్తునుండి క్రిందికి తీసినచో పులియైనను పిల్లివలె నగుపడును.

ఇక ఫ్లాష్ విషయము. ఇందు తప్పు మాదే గనుక దాచకుండ చెప్పుచున్నాము. చిరుతపులి ఆవరణములో గుబురునీడలో ఒక చిరుత రాతిమీద కూర్చుండి యుండెను. పిల్లలకు ఫ్లాష్ వేయరాదని పదిమారులు చెప్పిన మేము, మా చేతి ఫోనులో దానిని ఆపుట మరచితిమి. పెళ్లున వెలుగు పడినది. చిరుత ఉలికిపడి లేచి, ఒక్క దుముకులో లోపలి గదివైపు పోయినది, మరల రాలేదు. మా వెనుక వరుసలో నలువది మంది పిల్ల లుండిరి. నూరు కిలోమీటర్లు ప్రయాణముచేసి వచ్చిన ఆ నలువదిమందికి కనబడినది ఉత్త రాయి. మాకు దక్కిన ఫొటోలో రెండు పచ్చని మెరుపులు తప్ప చిరుత లేదు. ఈ జంతువుల కంటివెనుక అద్దమువంటి పొర యొకటి కలదు. రాత్రివేళ దొరకిన కొలది వెలుతురును అది మరల కంటిపొరమీదికి త్రిప్పును. అందుచేతనే చీకటిలో వాని కన్నులు వెలుగును, ఫ్లాష్ పడినప్పుడు దివ్వెలవలె మండును. ఆ పిల్లలకు మేము క్షమాపణ చెప్పుకొంటిమి. నియమమును చెప్పువాడు ముందుగా తన జేబును తడవుకొనవలెనని ఆనాడు నేర్చుకొంటిమి.

అడ్డుకమ్మి ఏల?

ఈ సందర్భమున తలిదండ్రు లందరును ఎరుగవలసిన ఒక దుర్ఘటన కలదు. 2024 ఫిబ్రవరి 15వ తేదీన తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుశాలలో ఒక మనుష్యుడు కంచె దాటి సింహపు ఆవరణములో దిగి, ఆ సింహము చేతిలో ప్రాణము గోల్పోయెను. తన ఫొటో తాను తీసికొనుటకే దిగెనని అప్పుడు పత్రికలు వ్రాసెను. కారణమేదైనను కంచె దాటిన పిదప ఫలితమొక్కటియే. సింహము చేసినది దాని స్వభావము. జంతువునకు వీపు త్రిప్పి, ఫోనులో తన ముఖమునే చూచుకొనువాడు కమ్మికి ఎంత దగ్గరనున్నాడో, కాలిక్రింద నేమున్నదో ఎరుగడు. కావున మన పిల్లలకు ఒక్క నియమము పెట్టితిమి: జంతువును తీయవచ్చును, జంతువుతో తన్ను తీసికొనరాదు. మొదట గొణిగినవారే, వచ్చిన ఫొటోలు చూచి తృప్తిపడిరి. ఎల్లరి ముఖములును మనకు తెలిసినవే. పులి ముఖమే క్రొత్తది.

చారలు చెప్పు లెక్క

పూర్వము పులిని చంపి, దానిపై కాలుమోపి ఫొటో తీయించుకొనుట ఘనతగా నుండెను. ఆ కాలముననే ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీ అధికారి ఉత్తరహిందూస్థానపు అడవులలో తుపాకికి బదులు కెమెరా పట్టెను. పులి నడచు దారిలో సన్నని తీగ కట్టి, పులి కాలు తగిలినంతనే ఫొటో తనంత తానే పడునట్లు అమర్చెను. 1927లో వెలువడిన అతని పుస్తకము లోకమునకు స్వేచ్ఛగా తిరుగు పులిని చూపెను. అతడును రాత్రివేళ ఫ్లాష్ వాడెను గదా యని మా పెద్దపిల్ల లడిగిరి. వాడెను. కాని అడవిలోని పులికి అది ఎప్పుడో ఒక రాత్రి, ఒక్కమారు. ఉలికిపడిన దానికి తప్పుకొన అడవి యంతయు నున్నది. జంతుశాలలోని పులి యెదుట దినమునకు వేలమంది నిలుతురు. దానికి పోవుటకు చోటు లేదు.

చాంపియన్ చూపిన దారి నేడు శాస్త్రమైనది. ఏ రెండు పులుల చారలును ఒక్కరీతిగా నుండవు. మన వ్రేలిముద్రలవంటివి అవి. ఒకే పులికైనను కుడిప్రక్క చారలు వేరు, ఎడమప్రక్క చారలు వేరు. 1990 ప్రాంతమున మన రాష్ట్రపు నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ అను శాస్త్రజ్ఞుడు దారికి ఇరుప్రక్కల కెమెరాలు పెట్టి, చారలను పోల్చి పులులను లెక్కించు పద్ధతిని ఆరంభించెను. 2018 నాటి దేశవ్యాప్తపు లెక్కకు 26,838 చోట్ల కెమెరాలు పెట్టిరి. మూడు కోట్ల నలుబది ఎనిమిది లక్షలకు పైబడిన ఫొటోలు వచ్చెను. అందు పులులవి 76,651. 2022 నాటి లెక్కలో దేశమున పులుల సగటు అంచనా 3,682, కర్ణాటకములో 563. పులుల సంఖ్యలో మధ్యప్రదేశము తరువాత మన రాష్ట్రమే. ఇట్టి లెక్కలు లేక యే యడవిని కాపాడవలెనో, ఎచ్చట పులి తరుగుచున్నదో తెలియదు. ఒక సాధారణ ఫొటో ఇంతటి పనికి వచ్చుచున్నది.

బడికి తిరిగివచ్చిన మూడవనాడు పిల్లలు తెచ్చిన ఫొటోలను గోడకు అంటించితిమి. రెండు గుంపులవారు వేరువేరు వేళల తీసిన పులు లందు కొన్ని యుండెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, సామాన్యముగా తరగతిలో నోరు మెదపనిది, ఆ రెండు గుంపుల ఫొటోల యెదుట చాలసేపు నిలుచుండెను. తరువాత మెల్లగా, "ఈ రెండూ ఒకటే పులి సార్. భుజం మీద చార రెండుగా చీలి మళ్లీ కలిసింది చూడండి" అనెను. చూచితిమి. మాకు కనబడలేదు. ఆమె వ్రేలుపెట్టి చూపినప్పుడు కనబడినది. రెండును కుడిప్రక్కవే, రెంటను చారకొంగు కన్నువలె చీలి కలిసియున్నది. ఎవరును నేర్పకుండగనే ఆ బాలిక శాస్త్రజ్ఞుల పని చేసినది. ఆ రెండు ఫొటోలలో నొకటి మసకది, పారవేయుదమని మేము ప్రక్కన పెట్టినది.

ఆమెయే ఫొటోల క్రింద పేర్లు వ్రాసినది. పులి, హులి యని రెండు లిపులలోను వ్రాసి, ఇంటికి పోయి తన అవ్వ నడిగి, మరునాడు వాని ప్రక్కనే 'బెబ్బులి' అని చేర్చినది. ఆ మాట మా పాఠ్యపుస్తకములో లేదు. అవ్వ నోటనుండి మనుమరాలి చేతికి వచ్చినది. ప్రతి ఫొటో క్రిందను 'జంతుశాలలో తీసినది' అని కూడ వ్రాయించితిమి. ఆవరణములోని పులిని అడవిలోని పులిగా చూపుట చిన్న అబద్ధమైనను అబద్ధమే.

తలిదండ్రులు అడిగిన రెండవ ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పగలము. మీటను నొక్కుట విద్య కాదు. దానిని ఎవరైనను నొక్కగలరు. పెందలకడ లేచుట, అరువక నిలుచుట, అడ్డుకమ్మిని గౌరవించుట, తన తప్పు ఒప్పుకొనుట, ఒక చారను రెండుమారులు చూచుట, చూచినదానికి సరియైన పేరు పెట్టుట - ఇవి విద్య. ఈ సెలవులలో మీరు పిల్లలతో మైసూరు జంతుశాలకు పోయినను, తిరుపతికి పోయినను, హైదరాబాదుకు పోయినను, ఫోనును వారి చేతికిచ్చి మీరు ప్రక్కన నిలువుడు. అంతకుముందు ఒకనాటి సాయంకాలము వంటింటి జల్లెడను వారి చేతికిచ్చి కొండమీది కోటను చూపుడు. ఇంటనున్న అవ్వలను, తాతలను పులి పేరు లెన్నియో చెప్పుమని యడుగుడు. వారు చెప్పినవి వ్రాసి పంపినచో, వచ్చే సంవత్సరము గోడమీది ఫొటోల క్రింద వానిని సంతోషముతో చేర్చుకొందుము.